మొదటి లాగిన్ ఎవరి చేత్తో

కొత్త కంప్యూటర్ అంటే ఖాళీ డబ్బా అనుకునేవాళ్ళతోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. అట్టపెట్టె కోసి, థర్మాకోల్ తీసి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే చాలు, ఇక పని మొదలుపెట్టుకోవచ్చని అందరి నమ్మకం. స్విచ్ వేశాకే అసలు కథ మొదలవుతుందని నేను చెబితే, చేతకాక సాకులు చెబుతున్నాడన్నట్టు చూసేవారు.

నేను మొదట టైపు మిషన్ల మెకానిక్‌ని. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక కంప్యూటర్ షాపులో సర్వీసు మనిషిగా చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. అందరూ మూర్తన్న అంటారు. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి, అన్నా, ఇదేదో అడుగుతుంది, ఏం నొక్కాలి అంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. అందుకే ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. విడిభాగాల సంగతులు, జీతాల సంగతులు ఇందులో ఉండవు. మొదటి లాగిన్ సంగతే రాస్తాను. నన్నడిగితే ఈ ఉద్యోగంలో సగం తలనొప్పి అక్కడే ఉంది.

పిలవని చుట్టాలు

మీరు కొన్న కంప్యూటర్‌లో మీకంటే ముందే కాపురం పెట్టినవాళ్ళు ఉంటారు. కొన్నాళ్ళు ఊరికే పనిచేసి ఆ తర్వాత డబ్బులడిగే యాంటీవైరస్ ఉంటుంది. ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాం ఉంటుంది, అదీ కొన్నాళ్ళే. ఎవరూ ఆడని ఆటలుంటాయి. తయారు చేసిన కంపెనీ తన తరఫున పెట్టిన సహాయకులు ఉంటారు. వాళ్ళు చేసే సహాయం ఏమిటో ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు. మీ ఫైళ్ళను తీసుకుపోయి ఎక్కడో దాచిపెడతానని వెంటపడేది ఇంకొకటి ఉంటుంది.

మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు వీళ్ళందరి తరఫునా ప్రశ్నలు వస్తాయి. ఏ దేశం, ఏ భాష, ఖాతా ఎవరిది, ఫోన్ నంబరెంత, నువ్వెక్కడున్నావో చూడనిస్తావా, నీ ఫోటోలు మా దగ్గర దాచమంటావా. ప్రతి ప్రశ్న కిందా ఒప్పుకునే బటన్ పెద్దగా, రంగుగా ఉంటుంది. వద్దనే బటన్ కనీకనపడకుండా ఓ మూల ఉంటుంది. పిల్లలూ, ఆ మూలకు చూడడం నేర్చుకోండి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న విద్యలన్నిటికంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

మా షాపు యజమాని పెంచలయ్యకు ఆ మూల ఎప్పుడూ కనపడలేదు. చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే ఇంటికి మనిషిని పంపి కనుక్కునే రకం. కానీ తొందర మనిషి. ఒక కస్టమర్ కుర్చీలోంచి లేస్తేనే ఇంకో కస్టమర్ కూర్చుంటాడనేది ఆయన సిద్ధాంతం. నేను ఒక్కో ప్రశ్నా చదువుతుంటే వెనకనుంచి వచ్చి, "పరీక్ష రాస్తుండావా మూర్తీ? నెక్స్టు నొక్కు, నెక్స్టు నొక్కు" అనేవాడు. దాంతో ఆగినా బాగుండేది. కస్టమర్‌కి ఆ పిలవని చుట్టాలందరినీ చూపించి, ఇన్ని సాఫ్ట్‌వేర్లు మా షాపులో ఫ్రీ అని చెప్పి అమ్మేవాడు. అవి ప్రతి షాపులోనూ, ప్రతి పెట్టెలోనూ ఉండేవే.

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అనలేదు. ఆయన అలా చెప్పాక నేను పనికిరానివి తీసేస్తానంటే కస్టమర్ ఒప్పుకుంటాడా? నా చేతి మీద చెయ్యి వేసి ఆపేవారు. కంపెనీవాడు ఇచ్చినవి నువ్వెందుకు తీసేస్తావు, నీ దగ్గర పెట్టుకుంటావా అని మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. సాఫ్ట్‌వేర్ తీసి నేను జేబులో వేసుకుపోతానన్నట్టు.

వసారాలో కంప్యూటర్

బియ్యం వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి ఉండేవాడు. సుబ్బారెడ్డి గారు. ఊరికే వచ్చిన ఆ యాంటీవైరస్ తీసేసి, ఆపరేటింగ్ సిస్టంలోనే ఉన్నదాన్ని వాడుకోమని ఆయనకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఉండనీ, కాపలాకు ఇద్దరుంటే మంచిదే కదా అన్నారు. కాపలావాళ్ళిద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుని కొట్టుకుంటారని చెప్పినా వినలేదు.

గడువు తీరింది. తెర మీద ఎర్రగా, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని వచ్చింది. అది డబ్బులు కట్టమని అడిగే తీరు మాత్రమే. ఆయన చదివింది మాత్రం ప్రమాదం అన్న మాటే. షాపుకు ఫోన్ చేసి, విషం పెట్టి అమ్మినారని పెంచలయ్యను నానా మాటలూ అన్నారు. పెంచలయ్య నన్ను తరిమాడు. నేను వెళ్ళేసరికి కంప్యూటర్ వసారాలో స్కూటర్ పక్కన, గోనెసంచి కప్పుకుని ఉంది. లోపల ఇంకో కంప్యూటర్ ఉందట, దానికి అంటుకోకుండా దీన్ని బయట పెట్టించారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ యాంటీవైరస్‌ని తీసేస్తే ఎర్ర అక్షరాలు పోయాయి. సుబ్బారెడ్డి గారు నా భుజం తట్టి, "ఇదేదో మొదటి రోజే చేసుంటే పోయేది కదయ్యా" అన్నారు.

ఈ మాట నేను ఎన్ని ఇళ్ళలో విన్నానో. మొదటి రోజు మనం చెప్పింది ఎవరికీ గుర్తుండదు. మనం ఉన్నామన్నది మాత్రం గుర్తుంటుంది, తిట్టడానికి. దీనికి బాధపడకండి. కానీ చెప్పడం మానకండి.

చెయ్యి మంచిది

ఇప్పుడు, నేను చెప్పాలని కూర్చున్న అసలు సంగతి. విడవలూరు దాటి సముద్రం వైపు వెళితే చేపలవాళ్ళ పాళెం ఒకటుంది. అక్కడ కామాక్షి అని ఒకమ్మాయి. భర్త వెంకటేశు వేటకు పోతాడు. ఆమె నెల్లూరొచ్చి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్చుకుని ఇంట్లోనే మిషన్ పెట్టుకుంది. జాకెట్ల మీద పూలు, లతలు కుట్టే పని. బొమ్మ కంప్యూటర్‌లో గీస్తే మిషన్ దాన్ని దారంతో కుడుతుంది. అందరూ ఎవరో గీసినవి కొనుక్కుని కుడతారు. కామాక్షి తనే గీసేది. చేప పొలుసులా ఒకటి, వల కన్నుల్లా ఒకటి, అల మీద అల విరిగినట్టు ఒకటి. అవే కావాలని నెల్లూరు నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు.

పాత కంప్యూటర్ మూలబడి, కొత్త లాప్‌టాప్ కొనడానికి షాపుకు వచ్చినప్పుడు ఆమె వెంట భర్తే కాక, భర్త అన్న మస్తానయ్య కూడా వచ్చాడు. పక్క పాళెంలో ఉంటాడు. కొత్త వల కొన్నా, కొత్త పడవ నీళ్ళలోకి దించినా ముందు ఆయన చెయ్యి పడాలి. ఆయన ముట్టిన వల ఖాళీగా రాదని రెండు పాళేలవాళ్ళూ నమ్ముతారు. వలకు పనికొచ్చిన చెయ్యి లాప్‌టాప్‌కి ఎందుకు పనికిరాదు? కామాక్షి నన్ను పక్కకు జరగమని, బావను కూర్చోబెట్టింది. ఆయన తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చుని, ఒక్క వేలితో బటన్ నొక్కాడు.

అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఎవరి నమ్మకం వారిది. తెర మీద ఖాతా కోసం ఫోన్ నంబరు అడగగానే మస్తానయ్య గడగడా తన నంబరు చెప్పేశాడు. నేను ఆగమన్నాను. వాడుకునేది కామాక్షి, ఆమె నంబరు ఇవ్వాలి అన్నాను. బావ చేత్తో మొదలుపెట్టించి మధ్యలో తన పేరు పెట్టుకుంటే బాగుండదంది ఆమె. ఇవాళ బాగుండకపోతే పోయె, రేపు ఇబ్బంది పడతావని నేను. కౌంటర్ దగ్గర్నుంచి పెంచలయ్య, ఎవరిదైతే ఏంది, ఒక ఇంటివాళ్ళే కదా, కానీ అన్నాడు. అందరూ ఒకటై నన్ను చూశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

పిల్లలూ, ఇక్కడ ఒకటి బాగా తెలుసుకోండి. అలా మొదటి లాగిన్ అయిన వెంటనే, అడగకుండా చెప్పకుండా, ఇప్పటి యంత్రాలు లోపలి ఫైళ్ళన్నిటికీ తాళం వేసుకుంటాయి. దొంగ ఎత్తుకుపోయినా చదవలేకుండా. మంచిదే. దాని తాళంచెవి ఒక పొడుగాటి అంకె. ఆ అంకెను, మొదట ఎవరి ఖాతాతో లాగిన్ అయ్యామో ఆ ఖాతాలో దాచిపెడతాయి. కామాక్షి బొమ్మలకు తాళంచెవి ఆ విధంగా మస్తానయ్య ఖాతాలోకి చేరింది. ఆ సంగతి ఆయనకూ తెలియదు, ఆమెకూ తెలియదు. నేను చెప్పాను, కానీ అప్పటికే టెంకాయ ఎక్కడ కొట్టాలనే మాటల్లో పడ్డారు.

ఫోన్లో పిలిచారు

ఏడాదో ఏమో గడిచింది. ఒక పొద్దున కామాక్షి లాప్‌టాప్‌ను టవల్లో చుట్టుకుని షాపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. ముందురోజు ఏదో అప్‌డేట్ అని వచ్చిందట, నొక్కిందట. తిరిగి తెరిస్తే నీలం తెర, తాళంచెవి కొట్టమని. ఆమె పాత కంప్యూటర్‌ని ఎప్పుడో తీసేసింది. ఫైళ్ళను దాచిపెడతానని వెంటపడే చుట్టం ఉందే, దాంట్లో ఊరికే ఇచ్చిన జాగా ఎప్పుడో నిండిపోయింది. జాగా లేదన్న హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఆమె మూసేస్తూ వచ్చింది. విడవలూరులో పెళ్ళికూతురి జాకెట్లు కుట్టాల్సి ఉంది, ముహూర్తం దగ్గర పడింది. అదొక్కటే కాదు, గీసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి.

పెంచలయ్య చూసి, ఫార్మాట్ కొట్టి కొత్తదానిలా చేసి ఇచ్చెయ్ అన్నాడు. ఆయన మందు ఎప్పుడూ అదే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే మందు. అలా చేస్తే లాప్‌టాప్ బాగవుతుంది, కామాక్షి గీసిన ఒక్క గీత మిగలదు. నాకు ఒళ్ళు మండింది. ఆ బటన్ నేను నొక్కను, కావాలంటే మీరే వచ్చి ఆ అమ్మాయి ముందు నొక్కండి అన్నాను. ఆయన గొణుక్కుంటూ కౌంటర్‌కి పోయాడు. యజమాని మాట ప్రతిదీ వినాలని రూలేం లేదు. కస్టమర్ వస్తువు పాడయ్యే చోట అసలే వినక్కర్లేదు.

ఇంతకీ ఇది పెద్ద పనేం కాదు, మీ బావ ఫోన్‌కి ఒక కోడ్ పంపిస్తాను, చెప్పమను, ఆయన ఖాతా తెరిచి తాళంచెవి తీసుకుంటాం అన్నాను. కామాక్షి మొహం వాడిపోయింది. వాళ్ళిద్దరి ఇళ్ళకీ మాటల్లేవట.

కారణం వింటే తల బాదుకోవాలనిపించింది. కామాక్షి కూతురికి చెవులు కుట్టించారు. పనులు మీద పడి ఉన్నాయని, పక్క పాళెంలో ఉన్న బావకు, తోడికోడలికి ఫోన్ చేసి రమ్మంది. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో పిలుస్తారా అని మస్తానయ్య ఇల్లు కదల్లేదు. రాలేదని వెంకటేశుకు కోపం. ఆ తర్వాత కొత్త వల కొంటే అన్నను పిలవలేదు. పిలవలేదని ఆయనకు ఇంకా కోపం. అప్పటినుంచి ఇటువాళ్ళు అటు పోరు, అటువాళ్ళు ఇటు రారు.

నేను షాపు ఫోన్ నుంచి మస్తానయ్యకు చేశాను. మర్యాదగా పలకరించాడు. కోడ్ సంగతి చెప్పేసరికి గొంతు మారింది. "ఫోన్లో వచ్చే నంబర్లు ఎవురికీ చెప్పొద్దని బ్యాంకులో చెప్పినారు సార్. ఫోన్లో అడిగే పనులేవీ నాతో పెట్టుకోవద్దని ఆ పిల్లకీ చెప్పండి" అని పెట్టేశాడు. నాకు చచ్చేంత విసుగొచ్చింది. కానీ కోడ్ విషయంలో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఎవరికీ చెప్పొద్దని ఊరంతటికీ చెప్పింది మనమే. అన్నిటికీ నెక్స్టు నొక్కే జనంలో ఒక్కడు వద్దన్నాడు. అది కూడా నాకే తగలాలా?

తుఫాను షెల్టర్ మీద

మర్నాడు లాప్‌టాప్ స్కూటర్ ముందు పెట్టుకుని మస్తానయ్య ఉండే పాళేనికి వెళ్ళాను. అది నీ పని కాదని పెంచలయ్య అన్నాడు. నిజమే. ఆరోజు సెలవు పెట్టాను. వెంకటేశు రానన్నాడట. కామాక్షి ఒక్కతే రోడ్డు మీద ఎదురుచూస్తోంది, చేతిలో కుంకుమ భరిణె. అయిపోయిన చెవులు కుట్టడానికి ఇప్పుడు పోయి ఏమని పిలుస్తావు తల్లీ అన్నాను. ఆమె భరిణెను కొంగులో దాచుకుని ముందు నడిచింది. ఆమెకు భయంగా ఉందని నడకలోనే తెలుస్తోంది.

మస్తానయ్య పంచలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి నన్ను రమ్మన్నాడు, ఆమెను అనలేదు. కామాక్షి ఆయన్ని దాటుకుని లోపలికి పోయి, తోడికోడలు రమణమ్మకు బొట్టు పెట్టింది. పెట్టి బయటికి వినపడేట్టు చెప్పింది.

"అక్కా, నా మిషన్ ఆగిపోయి ఉండాది. మళ్ళా మొదలు పెట్టాల. నువ్వూ బావా వచ్చి మొదలుపెట్టీయండి. ఆ పొద్దు నేను రాకుండా ఫోన్ చేసినాను. పని ఎక్కువైందనుకున్నాను గానీ, అది తప్పే."

 లోపల్నుంచి రమణమ్మ గొంతు వినిపించింది, బొట్టు పెట్టించుకున్నాక పోకుండా ఎట్టుంటామని. బయటికి వచ్చి గూట్లోంచి భర్త ఫోన్ తీసి ఆయన ఒళ్ళో పడేసింది. మస్తానయ్య వల పక్కన పెట్టాడు.

ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. ఆరోజు ఎందుకో ఆ ఇంట్లో సిగ్నల్ లేదు. కోడ్ రాదు. పంచలో రాదు, వీధిలో రాదు, పడవల దగ్గర రాదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మస్తానయ్యే, తుఫాను షెల్టర్ మీదైతే వస్తుందన్నాడు. నలుగురం ఎక్కాము. నేను లాప్‌టాప్ పట్టుకుని, రమణమ్మ దాని మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టి. అక్కడ కోడ్ వచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నారు కదా, మీరే కొట్టండి అని ఆయన ఫోన్లోనే కొట్టించాను. ఖాతా తెరుచుకుంది. పొడుగాటి అంకె కనపడింది.

మస్తానయ్య దాన్ని చదివాడు. పడవలో దారి చూపే యంత్రంలో అంకెలు చదివే అలవాటు ఆయనకు. ఒక్కొక్కటీ విడిగా, గాలికి వినపడేట్టు గట్టిగా చదివాడు. కామాక్షి కొట్టింది. మధ్యలో ఆమె ఆగి, "బావా, ఒకటా ఏడా?" అంది. "ఏడమ్మా. నిదానంగా కొట్టు" అన్నాడు. ఇన్ని నెలల తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది అదే మొదలు. నేను లాప్‌టాప్ పట్టుకోవడానికి వెళ్ళినవాణ్ణి, తెర చూడడం మాని వాళ్ళిద్దరినే చూస్తుండిపోయాను.

చివరి అంకె కొట్టగానే తెర తెరుచుకుంది. పొలుసులు, వలలు, అలలు, అన్నీ ఉన్నాయి. కామాక్షి వాటిని ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటుంటే ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

ఇప్పుడైనా నా మాట వినండి, ఇది వాడే మనిషి పేరున కొత్త ఖాతా పెడదాం, తాళంచెవి అందులోకి మారుస్తాను అన్నాను. కామాక్షి లాప్‌టాప్‌ను మళ్ళీ బావ వైపు తిప్పింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంత జరిగాక కూడానా అని నోటిదాకా వచ్చింది. మస్తానయ్య వేలు చాపి, బటన్ దాకా తెచ్చి, వెనక్కి తీసుకున్నాడు.

"వలకైతే నా చెయ్యి. ఇది నీ పని, నీ నంబరే కొట్టుకో" అన్నాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి, "అట్టని ఇంక మా ఇంటితో పనిలేదనుకోబాక. పిలుపుకి మాత్రం ఇంటికే రావాల" అన్నాడు.

కామాక్షి తల ఊపింది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, తన నంబరు తనే కొట్టింది.